శనివారం పూట పచ్చిచేప

మా బావకు మదనపల్లెలో పురుగుమందుల అంగడి ఉంది. కాపురం పుంగనూరులో. రోజూ పొద్దున్నే బండి మీద పోయి చీకటి పడ్డాక తిరిగొస్తాడు. టమోటా పైర్లకు కొట్టే మందు ఏదో బాగా అమ్మినాడని, ఆ కంపెనీ వాళ్లు ఆయనకు ఒక బహుమానం ఇచ్చారు. చెన్నై దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక జపాన్ హోటల్లో నలుగురికి భోజనం. ఆ సంగతి చెప్పడానికి ఆయన నాకు ఒకే రోజు పలుమార్లు ఫోన్ చేశాడు. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు.

"అత్తను గూడా పిల్చుకోని రా. సముద్రం సూపిస్తాం" అన్నాడు.

అమ్మ కుప్పంలో నా దగ్గరే ఉంటుంది. నేను అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సును. మా చిన్నప్పుడు అమ్మ సోమల పక్కన పల్లెల్లో కూలికి పోయి అక్కనూ నన్నూ పెంచింది. చెరువులూ, వానొస్తే పారే ఏళ్లూ తప్ప ఆమె పెద్ద నీళ్లు చూసింది లేదు. అల్లుడు పిలిచాడని చెప్పగానే సిగ్గుపడుతూ నవ్వి, పెట్టెలో నుంచి కొత్త నూలు చీర తీసి ఎండలో వేసింది. మా ఆయన మాత్రం చేప వాసనకే ఇంట్లోంచి బయటికి పోయే మనిషి. తనను ఈ పనికి పిలవొద్దని ముందే చెప్పేశాడు. అలా బావ, అక్క, అమ్మ, నేను, నలుగురం, లెక్క సరిపోయింది.

చిక్కు ఏమిటంటే వాళ్లిచ్చిన రోజు శనివారం. అమ్మా అక్కా శనివారం నీచు ముట్టరు. నేను అక్కకు ఫోన్ చేసి అడిగాను. ఆయనకు చెప్పానని, కూరగాయలతో చేసినవి కూడా ఉంటాయన్నాడని అక్క చెప్పింది. గొంతులో నమ్మకం లేదు. అక్కకు బావ చెప్పిన మాట మీద మాట చెప్పే అలవాటు లేదు. పెళ్లయిన కొత్తలో ఎండుచేపల వాసన ఆయనకు పడదంటే, అంత ఇష్టంగా తినే మనిషి మానేసింది. ఆమెకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పాక, వాంతి వస్తుందన్నా వినకుండా వారం వారం కాలేయం తెచ్చి ఎదురుగా కూర్చుని తినిపించాడు. చుట్టాలందరూ దాన్ని ప్రేమ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మేము ముందు రోజే బస్సులో పుంగనూరు పోయి, శనివారం తెల్లారగానే బావ కారులో బయలుదేరాం. దారి పొడుగునా ఆయన మాటలు ఆ హోటల్ గురించే. తినే విధానం వీడియోల్లో చూశాడట. ఆన్‌లైన్‌లో రెండు పుల్లలు తెప్పించుకుని, ఇంట్లో వేయించిన శనగవిత్తనాలను వాటితో ఎత్తడం వారం రోజులుగా నేర్చుకుంటున్నాడట. చిత్తూరులో కాఫీకి ఆగినప్పుడు అమ్మ ఇడ్లీ వైపు చూసింది. కడుపు ఖాళీగా ఉంచుకోండి, అక్కడ తినలేరు అని బావ వద్దన్నాడు. అమ్మ కాఫీతో సరిపెట్టుకుంది.

చెన్నై రద్దీ దాటుకుని మేము చేరేటప్పటికి మధ్యాహ్నం రెండు కావొస్తోంది. ఇళ్ల సందుల్లో నుంచి సముద్రం ముక్కలు ముక్కలుగా కనిపిస్తూ మాయమవుతూ ఉంటే అమ్మ అద్దానికి నుదురు ఆనించి చూస్తూనే ఉంది. కారు దిగగానే నాకు మొదట తగిలింది వాసన. బొగ్గుల మీద మాంసపు కొవ్వు కారి కాలే వాసన, దాని మీద బెల్లప్పాకం మాడినట్టు ఏదో తీపి వాసన, ఈ రెంటి కింద ఎక్కడో కుళ్లిన చేప. ఆకలి మీద ఉన్నాను కాబట్టి అది నేరుగా కడుపులోకి పోయింది.

వాకిట్లో జపాన్ అక్షరాలున్న నీలం గుడ్డలు సగానికి వేలాడుతున్నాయి. వాటిని తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే పని చేసేవాళ్లందరూ ఒక్కసారిగా ఏదో అరిచారు. అమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. అది స్వాగతమని బావ చెప్పాక, ఒక్కొక్కరికీ వరసగా నమస్కారం పెట్టింది. చెప్పులు విప్పించి మమ్మల్ని గాజు గోడ పక్కన చాపల మీద కూర్చోబెట్టారు. మధ్యలో పొట్టి బల్ల, దాని నడుమ గుంట తీసి అమర్చిన బొగ్గుల కుంపటి, పైన ఇనుప జల్లెడ. గాజుకు అవతల ఇసుక, ఆ తర్వాత సముద్రం. కింద కూర్చోవడం బాగుందని అమ్మ సర్దుకుంది. చాప మాత్రం తేమగా ఉంది. చెమట పట్టిన మేజోళ్ల వాసన వేస్తోంది. పక్క బల్ల మీద ముందు తిన్నవాళ్లు వదిలేసిన పళ్లాలు ఇంకా తీయలేదు. రొయ్యల తలకాయలు, చప్పరించి పడేసిన పెంకులు, మిగిలిన బీరులో ముంచిన చేతులు తుడుచుకునే కాగితాలు. వాటి మీద ఈగలు.

అసహ్యం నాకు తేలిగ్గా కలగదు. షుగరుతో కుళ్లిన కాళ్లకు రోజూ కట్టు కడతాను. పురుగులు పడిన పుండ్లు కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, డబ్బా విప్పి అన్నం తినగలను. వాంతి, చీము, మలం, ఇవేవీ నన్ను కదిలించవు. అందుకే ఆ రోజు అక్కడ కూర్చున్న కొద్దిసేపటికే నా ఒంట్లో పుట్టిన వికారం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

మొదట వేడి నీళ్లలో తడిపి పిండిన చిన్న తువ్వాళ్లు తెచ్చారు. చేతులు తుడుచుకోవడానికి. బావ దాంతో ముఖం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు, చొక్కా గుండీలు విప్పి లోపల కూడా తుడుచుకున్నాడు. ఆ తువ్వాలును మడిచి బల్ల మీద, మా గిన్నెల పక్కనే పెట్టాడు. దాని అంచు అక్క గిన్నెకు తగులుతోంది. అక్క గిన్నెను కొంచెం పక్కకు జరుపుకుంది.

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. మంచుగడ్డల మీద పరిచిన పచ్చిచేప ముక్కలు, ఎర్రగా, తెల్లగా, మెరుస్తూ. నారింజ రంగులో చిన్న చిన్న పూసల్లాంటి చేప గుడ్లు. ఒక గిన్నెలో పచ్చి కోడిగుడ్డు సొన, వేయించిన మాంసం అందులో ముంచి తినాలట. ఒక మూల ఆకుపచ్చని ముద్ద ఉంటే బావ దాన్ని చట్నీ అనుకుని చేప మీద దట్టంగా పట్టించి నోట్లో పెట్టుకున్నాడు. ఘాటు ముక్కుకెక్కి కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి. నవ్వుతూ, దగ్గుతూ, ఆ తువ్వాలుతోనే ముక్కు చీదాడు. చీది మళ్లీ అక్కడే పెట్టాడు.

ఆ తర్వాత రొయ్యలు. అవి బతికి ఉన్నాయి. మణిపూరో మేఘాలయో నుంచి వచ్చినట్టున్న ఒక అమ్మాయి, పొడుగు జపాన్ గౌనులో, నడుముకు బిగించిన పట్టీతో మోకాళ్ల మీద కూర్చుని, పటకారుతో వాటిని ఒక్కొక్కటిగా జల్లెడ మీద పెట్టింది. అవి ఎగిరాయి. ఎగిరి పడకుండా ఆ అమ్మాయి పటకారుతో అదిమి పట్టింది. గాజులాంటి ఒళ్లు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. మీసాలు ముడుచుకున్నాయి. కాళ్లు మాత్రం చాలాసేపు ఆడుతూనే ఉన్నాయి. బావ ఇదంతా ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

"ప్రాణంతో ఉండాయి గదా" అని అమ్మ చిన్నగా అని తల తిప్పుకుంది.

నేను రొయ్యలు తింటాను. కోడిని కళ్ల ముందు కోయించుకుని ఇంటికి తెచ్చుకునేదాన్నే. నేనేదో దయామయినని చెప్పడం లేదు. కోసేవాడు పని చేసుకుంటాడు, మనం చూడకుండా పక్కకు తిరుగుతాం. ఇక్కడ ఆ కాళ్లు ఆడటమే వినోదం. అది ఆగిపోయాక బావకు వాటి మీద ఆసక్తి తగ్గింది. సగం కొరికి, రుచి లేదని పళ్లెంలో పడేశాడు.

అమ్మకూ అక్కకూ శాకాహారం కావాలని నేను అడిగాను. సముద్రపు నాచులో చుట్టిన అన్నం తెచ్చారు. నల్లగా, తడి తోలులాగా ఉంది. విప్పితే పాచి పట్టిన తొట్టి వాసన. వంకాయ చీలికలు, మొక్కజొన్న తెచ్చి అదే జల్లెడ మీద, ఆ రొయ్యల పక్కనే పెట్టింది ఆ అమ్మాయి. రొయ్యల రసం కారి వంకాయ కిందికి చేరడం మేము నలుగురం చూశాం. వేరే ఏదైనా ఉందా అని అడిగితే, వంగి వంగి దండం పెడుతూ క్షమించమంది. చివరికి ఉత్త అన్నం చిన్న గిన్నెలో తెప్పించాను. అమ్మ దాంట్లో ఉప్పు కలుపుకుని రెండు ముద్దలు తిన్నది. అక్క ఏమీ తినలేదు. ఆకలి లేదంది.

అప్పుడు బావ తన అంగడి స్నేహితులకు వీడియో కాల్ చేశాడు. అందరూ ఆయనలాగే మందుల అంగళ్లవాళ్లు, మదనపల్లె చుట్టుపక్కలవాళ్లు. ఫోన్ నిండా చిన్న చిన్న చదరాల్లో మొహాలు వచ్చాయి. ఆయన ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, కుంపటి చూపించాడు, చేప చూపించాడు, సముద్రం చూపించాడు. పుల్లలతో ఎలా ఎత్తాలో చేసి చూపించాడు. వాళ్లు నవ్వుతున్నారు. వదినమ్మ తినడం లేదేమి అని వాళ్లలో ఎవరో అడిగారు. శనివారం అని అక్క మెల్లగా చెప్పింది. ఆ మాట వాళ్లకు వినపడలేదు, బావకు వినపడింది.

ఆయన పుల్లలతో ఒక పచ్చిచేప ముక్కను ఎత్తాడు. వేలు పొడవున, ఎర్రగా, నీళ్లు కారుతూ ఉంది. దాన్ని అక్క నోటి దగ్గర పెట్టాడు.

"వద్దు" అంది అక్క.

"నోరు తెరువు. అందరూ సూస్తాండారు."

అక్క ఫోన్ వైపు చూసింది. నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వు కోసం తెరిచిన పెదాల మధ్యలోకి ఆయన ముక్కను తోశాడు. తోసి, ఎడమ చేత్తో ఆమె గడ్డం కింద పట్టుకుని పైకి ఎత్తాడు, దూడకు మందు పట్టేటప్పుడు పట్టుకుంటారే, అలా. ఫోన్లో నవ్వులు. అక్క మింగలేకపోయింది. ఉమ్మలేకపోయింది. ముక్క సగం పెదాల బయట వేలాడుతోంది. కళ్లలో నీళ్లు నిండి చెంపల మీదకు జారాయి. ఇంతసేపూ నేను చేపను చూసి, నాచును చూసి అసహ్యపడుతున్నానని అనుకున్నాను. కాదని అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి, అక్క గడ్డాన్ని పట్టుకున్న ఆ జిడ్డు వేళ్లు, వాటి వెనక నవ్వుతున్న ఆ మొహం.

నేను నోరు తెరిచే లోపల అమ్మ లేచింది. అల్లుడి ఎదుట ఏనాడూ కుర్చీలో కూర్చోని మనిషి, ఆయన వస్తే తలుపు పక్కన నిలబడి మాట్లాడే మనిషి. బల్ల చుట్టూ మోకాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి, ఆయన చేతిని పక్కకు తీసింది.

"అది వద్దంటాండాది కదప్పా. యాల పెడతాండావు?"

గొంతు పెంచలేదు. తర్వాత తన కుడి అరచేతిని దోసిలిలా చేసి అక్క నోటి కింద పెట్టింది.

"ఊంచెయ్యమ్మా."

అక్క ఉమ్మింది. చేప ముక్క, ఎంగిలి, దాంతో పాటు ఖాళీ కడుపులో ఉన్న కాఫీ చేదు, అంతా అమ్మ చేతిలో పడింది. అమ్మ ఎడమ చేత్తో కొంగు పట్టి అక్క మూతి తుడిచింది. మేము పసిపిల్లలుగా ఉన్నప్పుడు ఎలా తుడిచి ఉంటుందో అలాగే, గట్టిగా, రెండు వైపులా.

ఫోన్లో నవ్వులు ఆగిపోయాయి. ఒకరు గొంతు సవరించుకున్నారు. చదరాలు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. బావ ఫోన్ తీసి బోర్లించాడు.

అమ్మ ఆ చేతిని మూసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. నేను వెనకే పోయాను. లోపల చెయ్యి కడుక్కునే చోటు ఉందని చెప్పినా వినలేదు. హోటల్ వెనక వైపున ఇసుకలోకి వంటింటి మురుగు వదిలారు. నురగ, చేప పేగులు, పొలుసులు, వాటి మీద కాకులు. ఆ కంపులో నుంచే దాటుకుని, ఇంకొంచెం దూరం పోయి, అమ్మ అల వచ్చే చోట వంగి చెయ్యి తెరిచింది. అల వచ్చి తీసుకుపోయింది. ఇసుకతో అరచేతిని రుద్ది రుద్ది కడుక్కుంది. కొత్త చీర మోకాళ్ల దాకా తడిసింది.

"నీళ్లు జిడ్డుగా ఉండాయే" అంది.

కాసేపు అక్కడే నిలబడ్డాం. ఆమె సముద్రాన్ని చూసిందో లేదో నాకు తెలియదు. అక్కను ఆ ఇంటికి ఇచ్చినప్పటి నుంచీ పండగలకు వచ్చినప్పుడల్లా వాళ్ల భోజనాలు చూస్తూనే ఉన్నానని, ఏది తినాలో ఎంత తినాలో ఆయప్పే చెబుతాడని, ఇంత దాకా వస్తుందని అనుకోలేదని ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఏడవలేదు.

మేము లోపలికి తిరిగి వచ్చేసరికి బావ తింటున్నాడు. ఆ రోజంతటిలో నాకు అన్నిటికన్నా రోత పుట్టించింది ఇదే. కోపంతో లేచి పోయి ఉంటే కనీసం మనిషేనని అనుకునేదాన్ని. ఆయన తల వంచుకుని, మిగిలిన చేప ముక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నోట్లో వేసుకుంటున్నాడు. పుల్లలు పక్కన పడేసి, వేళ్లతో. మేము ఎవరమూ ముట్టనివి, అక్క గిన్నెలోవి, పచ్చి సొనలో ముంచుకుని, గడ్డం మీద కారుతుంటే ఆ తువ్వాలుతోనే తుడుచుకుంటూ. ఎదురుగా అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఊరికే వచ్చింది. పారేసి పోతామా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

తిరిగి బయలుదేరాం. కాంచీపురం దాటాక, తన పరువు అందరి ముందూ తీసేశారని ఆయన మొదలుపెట్టాడు. సరదాకు పెట్టినదాన్ని ఇంత చెయ్యాలా, పది మందిలో తానెలా తలెత్తుకుని తిరగాలి అని. అమ్మ అంతా విని, ఆకలిగా ఉందని, ఎక్కడైనా ఆపమని మాత్రం అడిగింది. రాణిపేట దగ్గర ఒక చిన్న మెస్ ముందు ఆపాడు. తాను దిగలేదు. మేము ముగ్గురం అరిటాకుల్లో సాంబారన్నం, పెరుగన్నం తిన్నాం. అక్క మారు పెట్టించుకుంది. ఊరగాయ నంజుకుంటూ ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నది. ఆమె అంత ఆకలిగా తినడం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

చిత్తూరు ఇంకా రాకముందే బావ కారు పక్కకు ఆపి, తలుపు తీసి వాంతి చేసుకున్నాడు. పచ్చిచేప, సొన, అన్నీ. నేను దిగి వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేశాను, నీళ్లిచ్చాను, పుక్కిలించమన్నాను. నుదురు పట్టుకున్నాను. వార్డులో ఎవరికైనా చేసేదే. వార్డులో అయితే ఆ మనిషి మీద జాలి కలుగుతుంది. ఇక్కడ నా చేతులు మాత్రమే పని చేశాయి. నాలో మిగిలినదంతా ముఖం పక్కకు తిప్పుకునే ఉంది.

అక్క ఆ రాత్రి పుంగనూరులో ఆయన ఇంట్లోనే ఉంది. వారం పోయాక ఒక చిన్న సంచితో కుప్పం వచ్చింది. కొన్నాళ్లు ఉంటానంది. ఎందుకని మేము అడగలేదు. ఒకరోజు సంతకు పోయి తానే ఎండుచేపలు కొనుక్కొచ్చి, వేయించి, రాగిసంగటితో తిన్నది. మా ఆయన పాపం ఆ పూటంతా వీధిలోనే గడిపాడు. బావ రోజూ ఫోన్ చేసేవాడు. మొదట అరిచాడు, తర్వాత వంట చేతకాక బాధలు చెప్పుకున్నాడు. క్షమించమని మాత్రం ఒక్కసారీ అనలేదట. తర్వాత ఆమె పుంగనూరు తిరిగిపోయింది. పిల్లలు సెలవులకు హాస్టల్ నుంచి వస్తారు, ఇల్లు తెరిచి ఉండాలి అంది.

ఈ మధ్య రామసముద్రంలో చుట్టాల గృహప్రవేశం అయింది. మరుసటి రోజు మాంసం భోజనాలు. బంతిలో అక్క పక్కన బావ కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నవాళ్లు ఏదో హాస్యం ఆడితే, ఆయన తన ఆకులోని ముక్క ఒకటి తీసి ఆమె నోటి దగ్గరికి తీసుకుపోయాడు. అలవాటు ఎక్కడికి పోతుంది. అక్క ముంజేత్తో ఆయన చేతిని కిందికి దించింది.

"నాకు సేతులుండాయి. నువ్వు తిను" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ ముక్క తానే తిన్నాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. ఇంటికి పోయాక ఏమన్నాడో నాకు తెలియదు, అక్క చెప్పలేదు.

ఆయన చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. పిల్లల్ని చదివిస్తున్నాడు, తాగడు, కొట్టడు. అమ్మకు జ్వరమొస్తే పళ్లు పట్టుకుని వస్తాడు. మా ఇంటికి వచ్చినప్పుడు నేనే వడ్డిస్తాను. ఆయన అన్నం కలుపుకుంటాడు, ఆ వేళ్లు పప్పులో మునిగి తేలతాయి, వేలి సందుల్లో నుంచి ముద్ద పైకి ఉబుకుతుంది. నాకు అక్క గడ్డం కనిపిస్తుంది. నెయ్యి వేసి, నీళ్ల చెంబు పక్కన పెట్టి, ఏదో పని ఉన్నట్టు లోపలికి పోతాను. ఆయన తిని చెయ్యి కడుక్కున్న చప్పుడు వినిపించాకే మళ్లీ ఆ గదిలోకి వస్తాను.